తోడు ఇచ్చిన అవ్వ

పోయిన నెలలో గొల్లల అవ్వను మట్టి చేశారు. వాగు ఒడ్డున, మధ్యాహ్నం పూట వాళ్ళ మందలు ఆగే గడ్డ మీద. నేను కొంచెం ఎడంగా నిలబడ్డాను. మా ఇళ్ళు ఊరికి ఎడంగా ఉన్నట్టే ఇలాంటి చోట్ల మేమూ ఎడంగానే నిలబడతాం. కొడుకు మొదటి పిడికెడు మన్ను వేస్తుంటే నా చెయ్యి దానంతటదే నా చొక్కా అంచు దగ్గరికి పోయింది. అక్కడ ఎవరి వేళ్ళూ లేవు.

అంత పిరికి మనిషిని నేను మళ్ళీ చూడలేదు. బస్సంటే భయం. ఆత్మకూర్ అంగడికి పోవాల్సిన రోజున రోడ్డు మీద నిలబడి, "ఇయ్యాల రాకుంటె మంచిగుండు" అనేది. వచ్చాక కండక్టరు చొక్కా అంచును బొటనవేలితో, చూపుడువేలితో పట్టుకుని ఎక్కేది. దిగేదాకా వదిలేది కాదు.

"అవ్వా, నేను టికెట్లు కొయ్యాలె, ఇడువు" అని అతను మొత్తుకునేవాడు.

"నువ్వు కొయ్యి కొడుకా. నేనేమన్న నీ చేతులు పట్టుకున్ననా?"

జనాభా లెక్కల గుమాస్తాను చూసి గడ్డివాము వెనక దాక్కుంది. అతను పక్క ఇంటికి పోయాక తనే వెంటపడి, "నన్ను రాసినవా? రాయకుంటె గూడ భయమే" అంది. మశూచి టీకాల వాళ్ళు వచ్చినప్పుడు వరసలోంచి రెండుసార్లు పారిపోయింది. మూడోసారి తిరిగొచ్చి టీకాలతని చొక్కా అంచు పట్టుకుని, కళ్ళు మూసుకుని భుజం చూపించింది. ప్రతిసారీ ఒకటే మాట. "భయమైతాంది కొడుకా. నీ అంగి జర పట్టుకోనియ్యి." ఊళ్ళో పిల్లలు ఆ మాటను పాట చేసి ఆమె వెనక పాడేవాళ్ళు. ఆ మాట అన్న తరువాత ఆమె ఏ పనీ మానుకోలేదన్నది పిల్లలే కాదు, నేనూ చాలా ఏళ్ళు గమనించలేదు.

మా చొక్కాలు మాత్రం ఆమె పట్టుకునేది కాదు. నేను మిషను బడిలో సారును, ఆదివారాలు ప్రార్థన మందిరంలో వాక్యం చెప్పేవాణ్ణి. అయినా మేము ఊరి బయటి గేరి మనుషులమే. నా భార్య పెరుగుకు తోడు కోసం గిన్నె పట్టుకుని వాళ్ళ వాకిట్లో నిలబడితే, అవ్వ ముంత పైకెత్తి, గిన్నెకు గిన్నె తగలకుండా మూరెడు ఎత్తునుంచి పోసేది. "పడుతాంది, సూడు, పట్టు" అనేది. ఒక్క చుక్క కింద పడేది కాదు. దీపం పెట్టాక మాత్రం తోడు ఇచ్చేది కాదు, ఎవరికీ. మా గేరిలో పాడి ఉన్న ఇల్లు లేదు కనుక మేమందరం కొన్న పాలను ఆమె తోడుతోనే పేరబెట్టుకునేవాళ్ళం. ఎవరైనా మొహమాటపడితే నవ్వేది. "చెంచాడు తోడిస్తె నా ముంత తక్కువైతదా? తెల్లారితే నీకు ముంతెడు, నాకు ముంతెడు."

ఇప్పుడు నా సంగతి చెప్పుకోవాలి. అది చెప్పకపోతే ఆమె సంగతి తెలియదు.

నా భార్యకు మొదటి రెండు కాన్పులూ దక్కలేదు. రెండోసారి ఆమె కూడా దక్కదనుకున్నాం. అంత నెత్తురు పోయింది. మూడోసారి నెల తప్పినప్పటినుంచి నేను దేవుడి ముందు మోకరించని పూట లేదు. ఎనిమిదో నెలలో పట్నం దవాఖానకు తీసుకుపోతే డాక్టరమ్మ పరీక్ష చేసి నన్ను బయటికి పిలిచింది.

"ఈసారి కూడా రక్తం పోతుంది. సీసాలు సిద్ధంగా లేకపోతే నేను ఈమెను బతికించలేను. మా మంచు బీరువా ఖాళీగా ఉంది. మీ ఊరికి బండి పంపిస్తాను. ఇరవై మందిని పోగుచెయ్యి. ప్రసంగాలు చేసేవాడివి, నీ మాట వింటారు."

వింటారని నేనూ అనుకున్నాను. కాని ఆ ఇరవై మందిలో నేనూ ఒకణ్ణి కావాలని తలచుకోగానే నా అరికాళ్ళు చల్లబడ్డాయి. మందిరంలో మేము రక్తం అంటాం, ఇంట్లో నెత్తురు అంటాం. రక్తాన్ని గురించి నేను గంటసేపు చెప్పగలను. అది పాపం కడుగుతుందని, ప్రాణం నిలబెడుతుందని ప్రతి ఆదివారం కంఠమెత్తి చెప్పాను. నెత్తురు చూస్తే మాత్రం నాకు కళ్ళు తిరుగుతాయి. బలపం చెక్కుతూ వేలు కోసుకుని పిల్లల ముందు పడిపోయినవాణ్ణి.

ఊళ్ళో రక్తదానం అని చాటించాము. చాటించిన మూడో రోజుకు ఎవరూ నాతో సరిగా మాట్లాడడం లేదు. బస్సు దగ్గర చాయ్ హోటలతను నా చేతికి గ్లాసు ఇస్తూ మెల్లగా అడిగాడు.

"సారూ, అడిగిన అని ఏమనుకోకు. గా నెత్తురు మీరు ఐతారం నాడు తాగేటందుకేనట గదా?"

ప్రభు భోజనం నాడు నేను రేకు బాకాలో చెప్పే మాటలు ఊరు ఊరంతా వింటుంది. ఆయన రక్తం తాగినవారికే జీవమని చెప్పింది నేనే. మేము తాగేది ఎండు ద్రాక్షలు నానబెట్టి పిండిన రసమని బాకాలో ఎన్నడూ చెప్పలేదు. లోపలివాళ్ళకు తెలుసు కదా, బయటివాళ్ళకు ఎందుకనుకున్నాను. దాని మీద ఊళ్ళో కట్టెపుల్లలు అమ్మే మనిషి ఇంకో మాట కలిపాడు. దానమంటే చచ్చినవాళ్ళ పేరు మీద ఇచ్చేది, బతికుండగానే తన దానం తాను ఇచ్చుకున్నవాడు ఏడాది తిరగడన్నాడు. ఆ మాట మా సంఘం వాళ్ళకు కూడా ఎక్కింది.

బండి వచ్చిన రోజు బడిలో బెంచీలు రెండు కలిపి తెల్లగుడ్డ పరిచారు. మంచుపెట్టె, గాజు సీసాలు, ఎర్ర రబ్బరు గొట్టాలు. పొద్దెక్కినా ఎవరూ రాలేదు. మా సంఘ పెద్ద, ఆయన తమ్ముడు మాత్రం వచ్చి పడుకున్నారు. మిగతా ఇళ్ళకు తాళాలు. అందరూ పల్లికాయ పీకడానికి పోయారట. ఆ ఇద్దరి రక్తమూ నా భార్యకు పడదని నర్సమ్మ చెప్పింది. తరువాత నా వేలు పొడిచి, చుక్కను తెల్ల పలక మీద వేసి కలిపింది. నేను కిటికీలోకి చూస్తూ నిలబడ్డాను.

"నీది కూడా ఆమెకు పడదు సారూ."

దేవుడు నన్ను క్షమించుగాక, ఆ మాట వినగానే నా గుండె తేలికపడింది. నా భార్యకు పడని నెత్తురు నా ఒంట్లో ఉన్నందుకు లోలోపల సంతోషించాను.

"ఇంకొకరికి పనికొస్తుంది, పడుకో" అంది నర్సమ్మ.

"జనాన్ని పిలుచుకొస్తాను" అని చెప్పి బయటపడ్డాను. ఎవరినీ పిలవలేదు. బడి వెనక గోడకు చేరగిలబడి కూర్చున్నాను. భయపడొద్దు, నేను నీకు తోడుగా ఉన్నానని దేవుడు చెప్పిన మాట పిల్లలచేత ఎన్నిసార్లు కంఠస్థం చేయించానో. అప్పుడు అది నా నాలుక మీదికి వచ్చింది కాని కిందికి దిగలేదు.

అక్కడే కిటికీ చువ్వలు పట్టుకుని లోపలికి తొంగి చూస్తూ అవ్వ కనిపించింది. చేతిలో బర్రె పలుపు ఉంది, బర్రె లేదు.

"సారూ, నిజంగ తాగుతరా?"

"లేదవ్వా. అది ద్రాక్షపండ్ల రసం. ఒట్టు."

"మరి గిది ఎవలకు?"

"నా భార్యకు. కాన్పులో నెత్తురు పోతే ఎక్కియ్యాలె. లేకుంటె..."

అవ్వ చాలాసేపు చువ్వలు వదల్లేదు. "తీస్తె మల్ల వస్తదా, గట్లనే పోతదా?"

"వస్తదవ్వా. తిన్నకొద్ది మళ్ళీ ఊరుతదంట."

"గట్లయితె దానమని ఎందుకు చాటించిన్రు? దానమంటె ఇచ్చి మర్చిపోవుడు, మల్ల మనకు రాదు. చెంచాడిస్తె ముంత మల్ల నిండేదాన్ని దానమంటరా ఎవలన్న? తోడంటరు. ఇంత సదువుకున్నవ్, గా మాట తెల్వదా నీకు?"

తెలియదు. తోడన్న మాటను అంతగా వల్లించిన నాకే తెలియదు.

ఆమె నా వెనకే లోపలికి వచ్చింది. గడప దగ్గర ఆగింది, వెనక్కి పోయింది, మళ్ళీ వచ్చింది. ఆమె వేలు పొడిచి, పలక మీద చుక్క కలిపిన నర్సమ్మ తలెత్తి నా వైపు చూసి, "కలిసింది" అంది. అవ్వ బెంచీ మీద పడుకుంది. సూది చూడగానే లేచి కూర్చుంది. ఆమె చెయ్యి గాలిలో వెతుకుతూ వచ్చి, నా చొక్కా అంచు పట్టుకుంది. ఆరేళ్ళుగా మా గిన్నెకు గిన్నె తగలనియ్యని చెయ్యి.

"భయమైతాంది సారూ. నీ అంగి జర పట్టుకోనియ్యి."

"సారూ, ఊరికే నిలబడతావెందుకు, ఆ సీసా పట్టుకుని మెల్లగా ఊపుతూ ఉండు" అని నర్సమ్మ నాకు పని చెప్పింది. బెంచీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. గొట్టంలోంచి నెత్తురు దిగడం మొదలైంది. సీసా నా అరచేతిలో వెచ్చబడింది. పిల్లవాడి కడుపు మీద చెయ్యి వేసినంత వెచ్చన. చెమటలు కారిపోతున్నాయి. పడిపోతే సీసా పగులుతుందన్న భయం ఒక్కటే నన్ను కూర్చోబెట్టింది.

పైనుంచి అవ్వ గొంతు. "గట్లెందుకు ఊపుతవు? తోడేసినంక ఊపుతరా? పేరదు!"

"పేరొద్దనే ఊపేది అవ్వా. నెత్తురు పేరితే పనికిరాదు" అంది నర్సమ్మ నవ్వుతూ.

"గిది ఉల్టా తోడున్నట్టుంది" అని అవ్వ కళ్ళు మూసుకుంది. నా చొక్కా మాత్రం వదల్లేదు.

సీసా మీద ప్లాస్టరు ముక్క అంటించి, నీలం సిరాతో మూడు అని రాశారు. తడి ఆరకముందే నా చెమట బొటనవేలు తగిలి ఆ అంకె తోక అలుక్కుపోయింది.

అవ్వ లేచి, ఇచ్చిన చాయ్ తాగి, "ఇగ నువ్వు పండు సారూ. నేను పట్టుకుంట" అంది. నేను పడుకున్నాను. ఎంతో ధైర్యంగా పడుకున్నానని రాస్తే అబద్ధమవుతుంది. సూది దిగేటప్పుడు కేక పెట్టానని నర్సమ్మ తరువాత చెప్పింది. నాకు జ్ఞాపకం ఉన్నది చొక్కా అంచును లాగుతున్న ఆ రెండు వేళ్ళే. నాలుగో సీసా నాది.

అవ్వ తన కాళ్ళ మీద తాను నడిచి బయటికి పోవడం బజారంతా చూసింది. "పిరికవ్వ ఇచ్చిందంట్రా! మనం గాజులు తొడుక్కుందామా?" అని ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ సాయంత్రం లోపల ఇంకొందరు మగవాళ్ళు వచ్చారు. చాయ్ హోటలతను పడుకోబోతూ, "సారూ, ఒట్టేసినవ్, తాగకుండ్రి మల్ల" అన్నాడు.

అక్కడితో భయం తీరిందనుకున్నాను. ఐదో రోజు అవ్వ మంచం పట్టింది. జ్వరం, వణుకు. ఆమె ఇచ్చిన దానం ఆమెను తీసుకుపోతోందని ఊరు గుసగుసలాడింది. పొద్దున్నే ఆమె కొడుకు దుడ్డుకర్రతో మా గేరికి వచ్చాడు.

"మా అవ్వ లేస్తలేదు సారూ. ఏం తీసిన్రు మీరు? ఎంత తీసిన్రు? మా అవ్వకు ఏమన్న అయితె ఈ గేరిల ఒక్క గుడిసె ఉండదు, చెప్తున్న."

అతను కర్ర ఎత్తలేదు. అతని కళ్ళలో నీళ్ళున్నాయి. కర్ర కన్నా ఆ కళ్ళకే నేను ఎక్కువ భయపడ్డాను. వాళ్ళ కంచె దాకా పోయి, లోపలికి అడుగు పెట్టలేక అక్కడే నిలబడి ప్రార్థన చేశాను. ప్రార్థన ముగియకముందే మా వాళ్ళు పరుగున వచ్చారు. నెలలు నిండకుండానే నా భార్యకు నొప్పులు మొదలయ్యాయి.

సంఘ పెద్ద బండి కట్టాడు. రోడ్డు దాకా బండి, తరువాత బస్సు. దవాఖానలో ఆమెను లోపలికి తీసుకుపోయి తలుపు వేశారు. ఎంతసేపటికో తలుపు సందులోంచి చూశాను. నా భార్య ముఖం సున్నం వేసిన గోడలా ఉంది. ఆమె పక్కన ఇనుప కడ్డీకి సీసా వేలాడుతోంది. దాని మీద మూడో అంకె, తోక అలుక్కుపోయి.

చుక్క చుక్కగా దిగుతోంది. అక్కడ ఊళ్ళో అవ్వ లేవడం లేదు. ఇక్కడ ఆమె నెత్తురు నా భార్యలోకి దిగుతోంది. ఒక్కో చుక్క దిగినకొద్దీ అక్కడ ఆమె ఒక్కో ఊపిరి తగ్గుతోందేమోనని చుక్కలు లెక్కపెట్టాను. ఒకరి ప్రాణం పోతేనే ఇంకొకరి ప్రాణం నిలబడుతుందన్న మాటను నేను పన్నెండేళ్ళు ఆనందంగా పాడాను, పాడించాను. ఆ మాటకు భయపడాలని ఆ తలుపు సందు దగ్గరే నాకు తెలిసింది. మోకరించాను. ఎవరి కోసం అడగాలో తెలియలేదు. భార్య కోసం అడిగితే అవ్వను ఇచ్చేసినట్టు అనిపించింది. చివరికి ఏమీ అడగలేక, దేవుడి వస్త్రపు అంచు ఎక్కడుందో అన్నట్టు నేల మీద చెయ్యి చాచి ఉండిపోయాను. ఎన్ని ప్రార్థనలు చేసినా, మాటలు లేని ఆ ఒక్కటే నిజంగా ప్రార్థన అనుకుంటాను.

ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ దక్కారు.

పదో రోజు తల్లీబిడ్డలతో ఊరికి వస్తుంటే, బస్సు దిగేచోట చింతచెట్టు నీడన ఎవరో కూర్చుని ఉన్నారు. దగ్గరికి పోయేదాకా నమ్మలేదు. సగమైపోయింది గాని, అవ్వే.

"సచ్చిననుకున్నవా సారూ? చలిజరమట. దోమ కుట్టిందట. నా కొడుకు ఉత్తగనే నీ మీదికొచ్చిండు. ఆనికి నా పిరికితనమే వచ్చింది, ఏం జేస్తం?"

బిడ్డ ముఖం మీది గుడ్డ తొలగించి చూసింది. ముట్టుకోలేదు. "భయమైతాంది, గింత సన్నగున్నది" అంది.

మర్నాడు పొద్దున తనే మా ఇంటికి తోడు తెచ్చింది. నా భార్య అలవాటుగా గిన్నెను కిందికి పట్టుకుని నిలబడింది. అవ్వ ముంత పైకెత్తలేదు. అంచును మా గిన్నె అంచుకు ఆనించి వంచింది. ఆ రెండూ తగిలి చిన్న చప్పుడైంది. ముగ్గురమూ విన్నాము. పోతూ పోతూ వాకిట్లో ఆగి, "ఇగ మీదికెల్లి పొయ్యాలంటె నా రెక్క గుంజుతాంది" అంది.

ఆ తరువాత ఆరేళ్ళు బతికింది. బస్సుకు భయపడుతూనే ఎక్కింది. మా గిన్నెకు ముంత ఆనించే పోసింది. ఆమె కోడలు మాత్రం ఎత్తునుంచే పోసేది.

ఇక నిన్నటి సంగతి. దినాలు అయిపోయాయి. వాళ్ళ ఆచారం ప్రకారం ఇంట్లో పాత కుండలన్నీ పారేసి, అలికి, కొత్త కుండలు తెచ్చుకున్నారు. పొద్దు వాలుతుండగా ఆ కోడలు మా గేరి మొదట్లో వచ్చి నిలబడింది. చేతులు ఖాళీగా ఉన్నాయి. లోపలికి రాలేదు. నన్ను చూసి కొంగు సరిచేసుకుంది.

"సారూ... తోడు కావాలె."

నాకు అర్థం కాలేదు. మా ఇంటికి ఊళ్ళోంచి తోడు కోసం ఎవరూ రారు.

"మా అత్త పోయేటప్పుడు చెప్పింది. కుండలు పారేసినంక ఇంకో ఇంట్ల తేవొద్దన్నది. సారు ఇంట్ల ఉన్నది మన తోడే, గది మల్ల తెచ్చుకోండ్రి అన్నది." ఆమె తల వంచుకుంది. "దీపం పెట్టకముందే పంపు సారూ. పాలు కాగినయి."

నా భార్య గిన్నెలో తోడు వేసి మా అమ్మాయి చేతికిచ్చింది. పిల్ల వాకిలి దాటి ఆగిపోయింది. చావు జరిగిన ఇల్లు కదా.

"నాయినా, భయమైతాంది" అంది. "నువ్వు గూడ తోడు రా."

లేచాను. ఒక చేత్తో గిన్నె పట్టుకుని, రెండో చేత్తో నా చొక్కా అంచు పట్టుకుంది. బొటనవేలితో, చూపుడువేలితో. ఆ పట్టు ఎవరు నేర్పారని నేను అడగలేదు. ఇద్దరమూ భయపడుతూనే ఊళ్ళోకి నడిచాము.